షుగర్ నార్మలే, దానికోసం ఎంత ఇన్సులిన్ ఖర్చవుతోంది?

ఇద్దరి రక్తపరీక్ష రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తున్నామనుకుందాం. పరగడుపు షుగర్ ఇద్దరికీ 94. అంటే డెసిలీటరు రక్తంలో 94 మిల్లీగ్రాముల గ్లూకోజు. 100 లోపే ఉంది కాబట్టి ఇద్దరికీ ‘నార్మల్’ అనే రాస్తారు. అదే రక్తంలో ఇన్సులిన్ కూడా కొలిస్తే మొదటివారికి మిల్లీలీటరుకు 5 మైక్రోయూనిట్లు, రెండోవారికి 18 వచ్చాయి. షుగర్‌ను ఒకే చోట నిలబెట్టడానికి రెండో శరీరం మూడింతలకు పైగా ఇన్సులిన్ ఖర్చు పెడుతోంది. షుగర్ గడిలో ఆ తేడా కనపడదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే ఈ తేడాయే.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఈ మాటే వినిపిస్తోంది. బరువు తగ్గకపోయినా, భోజనం చేయగానే మత్తుగా ఉన్నా, పీరియడ్స్ తప్పినా, మెడ నల్లబడినా అన్నిటికీ ఇదే కారణమంటూ వీడియోలు వస్తున్నాయి. తీరా డాక్టరు దగ్గరికెళ్లి ఇన్సులిన్ టెస్టు రాయమంటే చాలామంది ‘దాంతో పనిలేదు’ అనేస్తారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్ పడేవాళ్లను తప్పుపట్టలేం. రెండు వైపులా కొంత నిజం ఉంది. ఎవరి మాటలో ఎంత ఉందో తేలాలంటే ముందు ఇన్సులిన్ చేసే పనేమిటో చూడాలి.

రక్తంలో ఉండేది ఐదు గ్రాముల గ్లూకోజే

పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. షుగర్ 100 అంటే లీటరుకు ఒక గ్రాము. ఆ లెక్కన మొత్తం రక్తంలో ఉండే గ్లూకోజు ఐదు గ్రాములు, చిన్న చెంచాడు పంచదారంత. ఒక పూట భోజనం నుంచి 60, 70 గ్రాముల గ్లూకోజు రావడం మామూలే. అదంతా రక్తంలోనే ఉండిపోతే షుగర్ వెయ్యి దాటిపోవాలి. కానీ ఆరోగ్యంగా ఉన్నవారిలో రెండు గంటలు తిరిగేసరికి 140 లోపుకు దిగిపోతుంది. వచ్చిన గ్లూకోజును వచ్చినట్టే ఎవరో ఎత్తుకుపోతున్నారన్నమాట.

ఎక్కువ భాగం ఎత్తుకుపోయేది కండరాలు. కండర కణం లోపల గ్లూట్‌4 అనే రవాణా ప్రొటీన్లు సూక్ష్మమైన సంచుల్లో సర్ది ఉంటాయి. భోజనం తర్వాత క్లోమం నుంచి వచ్చిన ఇన్సులిన్, కణం పైపొర మీదున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. దాంతో లోపల ఒక ప్రొటీను ఇంకోదాన్ని, అది మరోదాన్ని తట్టిలేపుతూ కబురు సాగుతుంది. సంచులు పైపొర దాకా వచ్చి అందులో కలిసిపోతాయి. అప్పుడు గ్లూట్‌4 పైపొరలో నిలబడి గ్లూకోజును లోపలికి చేరవేస్తుంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గగానే మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. ఇదంతా నిమిషాల మీద జరిగే పని.

కాలేయం సంగతి వేరు. మనం తిననప్పుడు, ముఖ్యంగా రాత్రంతా, రక్తంలోకి గ్లూకోజు వదిలేది అదే. భోజనం వేళకు ఇన్సులిన్ వచ్చి ‘ఇక చాలు’ అంటే ఆపేస్తుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు పెరిగిందని అడిగేవాళ్లకు సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది. ఆ పెరిగిన షుగర్ కంచంలోంచి రాలేదు, కాలేయంలోంచి వచ్చింది.

మూడోది కొవ్వు కణజాలం. దాచిన కొవ్వును కరిగించి రక్తంలోకి వదలకుండా ఇన్సులిన్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ పనికి కొద్దిపాటి ఇన్సులిన్ చాలు. మెదడు మాత్రం తనకు కావలసిన గ్లూకోజు తీసుకోవడానికి ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు.

ఇవి కాక ఇన్సులిన్‌కు ఇంకా చాలా పనులున్నాయి. కాలేయంలో కొత్త కొవ్వు తయారు చేయించడం, మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచడం, అండాశయాలను ప్రేరేపించడం, కణాల ఎదుగుదలకు తోడ్పడటం వంటివి. రెసిస్టెన్స్ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో జాబితా చాలామందికి గుర్తుకు రాదు. నా దృష్టిలో విషయమంతా అక్కడే ఉంది.

అన్ని పనులూ ఒకేసారి మొండికేయవు

ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను సూటిగా చెప్పాలంటే, ఉన్న ఇన్సులిన్‌కు కణాలు ఇవ్వాల్సినంత స్పందన ఇవ్వకపోవడం. క్లోమం ఆ లోటును ఇంకా ఎక్కువ ఇన్సులిన్ స్రవించి పూడుస్తుంది. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అయితే ఒంట్లో ప్రతి కణం, తన ప్రతి పనిలోనూ ఇన్సులిన్ మాట వినడం మానేస్తే పరిస్థితి వేరుగా ఉండేది. నిజానికి అలా జరగదు.

కాలేయాన్నే చూడండి. రెసిస్టెన్స్ వచ్చిన కాలేయం ‘గ్లూకోజు వదలడం ఆపు’ అనే ఆదేశాన్ని సరిగా పట్టించుకోదు. కానీ ‘కొవ్వు తయారు చెయ్యి’ అనే ఆదేశాన్ని మాత్రం పాటిస్తూనే ఉంటుంది. పైగా ఇప్పుడు రక్తంలో ఇన్సులిన్ మామూలు కంటే ఎక్కువగా ఉంది కాబట్టి ఆ రెండో పని ఇంకా ఊపందుకుంటుంది. అలా ఒకే కాలేయం అటు గ్లూకోజునూ ఎక్కువగా వదులుతుంది, ఇటు కొవ్వునూ ఎక్కువగా తయారుచేస్తుంది. ఒకే రిపోర్టులో షుగరూ, రక్తంలో తిరిగే కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లూ జంటగా పెరిగి కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

మూత్రపిండాలదీ అదే దారి. కండరాలు మాట వినకపోయినా ఉప్పును వెనక్కి లాక్కునే విషయంలో మూత్రపిండాలు ఇన్సులిన్‌కు స్పందిస్తూనే ఉంటాయి. కండరాల కోసం విడుదలైన అదనపు ఇన్సులిన్ వాటి మీదా పనిచేస్తుంది.

అందువల్ల ఇన్సులిన్ రెసిస్టెన్స్‌లో నష్టాలు రెండు రకాలు. ఇన్సులిన్ మాట చెల్లని చోట పని జరగకపోవడం ఒకటి. చెల్లుబాటయ్యే చోట పని మితిమీరడం రెండోది. షుగర్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే మొదటి రకమే, అదీ చాలా ఆలస్యంగా, కంటపడుతుంది.

షుగర్ ఏళ్ల తరబడి ఎందుకు కదలదు

దీన్ని ఒక చిన్న లెక్కతో చెప్పుకోవచ్చు. ఇన్సులిన్ పనిచేసే సామర్థ్యం 1, క్లోమం స్రవించే మోతాదు 1 అనుకుందాం. రెంటినీ గుణిస్తే 1. షుగర్ నార్మల్‌గా ఉండాలంటే ఈ లబ్ధం 1 దగ్గర నిలవాలి. బరువు పెరిగి, కదలిక తగ్గి సామర్థ్యం 0.5కు పడిపోయింది. క్లోమం తన స్రావాన్ని 2కు పెంచితే లబ్ధం మళ్లీ 1. షుగర్ కదలలేదు. ఇంకొకరిలో సామర్థ్యం అదే 0.5, కానీ వారి క్లోమం ఎంత కష్టపడినా 1.5 దాటలేదు. లబ్ధం 0.75. వీరికి షుగర్ పెరగడం మొదలవుతుంది.

ఇద్దరిలోనూ రెసిస్టెన్స్ ఒక్కటే. డయాబెటిస్ ఒక్కరికే. ‘రెసిస్టెన్స్ ఉంటే డయాబెటిస్ వచ్చి తీరుతుంది’ అనే భయం ఎందుకు సరికాదో ఈ లెక్క చెబుతుంది. ఊబకాయం ఉండి, రెసిస్టెన్స్ ఉండి కూడా జీవితాంతం డయాబెటిస్ రానివారు ఎంతోమంది ఉన్నారు. క్లోమంలో ఇన్సులిన్ స్రవించే బీటా కణాలు ఎంత బరువు మోయగలవన్నది చాలావరకు జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది.

బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి వెంబడించిన వైట్‌హాల్ అధ్యయనం 2009లో ఈ క్రమాన్ని స్పష్టంగా చూపించింది. తర్వాత డయాబెటిస్ బయటపడినవారి పాత రక్తపరీక్షలను తిరగేస్తే, నిర్ధారణకు ఐదేళ్ల ముందు నుంచే ఇన్సులిన్ పనితీరు బాగా పడిపోతూ ఉంది. బీటా కణాలు కొంతకాలం స్రావం పెంచి నెట్టుకొచ్చాయి. పరగడుపు షుగర్ గబగబా ఎగబాకింది చివరి మూడేళ్లలోనే. మరో బ్రిటిష్ అధ్యయనం, యూకేపీడీఎస్, డయాబెటిస్ నిర్ధారణ అయ్యే నాటికే బీటా కణాల సామర్థ్యం దాదాపు సగం తగ్గి ఉంటుందని అంచనా వేసింది.

ఈ అవగాహన నిన్న మొన్నటిది కాదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టాక, డయాబెటిస్ అంటే ఇన్సులిన్ లేకపోవడమేనని వైద్యులు స్థిరపడిపోయారు. 1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అనే లండన్ వైద్యుడు రోగులకు గ్లూకోజు, ఇన్సులిన్ ఒకేసారి ఇచ్చి చూశాడు. కొందరిలో షుగర్ అదుపులో ఉంది. కొందరిలో ఇన్సులిన్ ఇచ్చినా పెరిగిపోయింది. డయాబెటిస్ రెండు రకాలని ఆయన అప్పుడే తేల్చాడు. రక్తంలో ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే పద్ధతి మాత్రం రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ పనితో 1960 నాటికి గానీ రాలేదు. పెద్ద వయసులో డయాబెటిస్ వచ్చినవారిలో ఇన్సులిన్ కొరత ఉంటుందనుకుంటే, చాలామందిలో ఎక్కువే కనిపించింది. ఆ కొలత పద్ధతికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయారు.

కొవ్వు ఎంత అన్నదానికంటే, ఎక్కడ అన్నది ముఖ్యం

రెసిస్టెన్స్ ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకునే వివరణ కొవ్వు చుట్టూ తిరుగుతుంది. చర్మం కింద దాచుకోవడానికి ప్రతి శరీరానికీ ఒక హద్దు ఉంటుంది. గాదె నిండాక ధాన్యం నేల మీద పడినట్టు, ఆ హద్దు దాటిన కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి, పొట్ట లోపలి అవయవాల చుట్టూ చేరుతుంది. కండర కణంలో పోగైన కొన్ని కొవ్వు పదార్థాలు ఇన్సులిన్ కబురు లోపలికి సాగకుండా అడ్డుపడతాయని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ షుల్మన్ బృందం ఏళ్ల తరబడి చూపుతూ వచ్చింది. ఉబ్బిపోయిన కొవ్వు కణజాలంలో తలెత్తే ఇన్‌ఫ్లమేషన్ అసలు కారణమని మరో వాదం. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే ప్రొటీను మీద 1993లో వచ్చిన పరిశోధన దానికి పునాది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావు.

లావుగా ఉండటమే కారణమైతే సన్నగా ఉన్నవారికి రాకూడదు. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. చూడటానికి బక్కగా, కండలు తేలి ఉంటారు. కానీ వారిలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ అత్యంత తీవ్రంగా ఉంటుంది, కాలేయం కొవ్వుతో నిండి ఉంటుంది. దాచుకునే చోటు లేకపోతే కొవ్వు అవయవాల మీద పడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పయోగ్లిటజోన్ అనే మందు కూడా ఇదే చెబుతుంది. అది వాడితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, బరువు మాత్రం పెరుగుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, అది చర్మం కింద కొత్త కొవ్వు కణాలు పుట్టించి, కాలేయంలోని కొవ్వును అటు మళ్లిస్తుంది.

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు పరిశోధకులు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువు తూచే యంత్రం ఎంత దాచిపెట్టగలదో ఆ ఒక్క ఫొటో చూపించింది. దక్షిణాసియా మూలాలున్నవారికి నడుము చుట్టుకొలత హద్దును మగవారికి యూరోపియన్ల కంటే తక్కువగా 90, ఆడవారికి 80 సెంటీమీటర్లుగా పెట్టడానికి ఇలాంటి పరిశీలనలే ఆధారం.

కొవ్వుతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. నిద్ర వాటిలో ఒకటి. 1999లో షికాగోలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ కొద్ది రోజులకే గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గింది. రోజుల తరబడి మంచం పట్టినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, స్టెరాయిడ్లు వాడినా రెసిస్టెన్స్ పెరుగుతుంది. యవ్వనం వచ్చే వయసులో కొంత పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది.

గర్భం చివరి నెలల్లో తల్లి శరీరంలో ఇన్సులిన్ పనితీరు సగానికి పైగా పడిపోతుంది. ఇది జబ్బు కాదు. బిడ్డకు గ్లూకోజు అందేలా మాయ నుంచి వచ్చే హార్మోన్లు చేసే ఏర్పాటు. క్లోమం రెట్టింపు శ్రమతో నిలదొక్కుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు, నిలదొక్కుకోలేకపోతే గర్భధారణ డయాబెటిస్. అలా వచ్చినవారికి కాన్పు తర్వాత షుగర్ తగ్గిపోయినా మున్ముందు టైప్ 2 డయాబెటిస్ ముప్పు బాగా ఎక్కువ. ఇది వారి క్లోమం ఎంతవరకు మోయగలదో ముందే చెప్పిన పరీక్ష లాంటిది. కాన్పయ్యాక ఈ విషయం అందరూ మరిచిపోవడం బాధ కలిగిస్తుంది.

ఏది ముందు: రెసిస్టెన్సా, ఇన్సులిన్ పెరగడమా?

శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్న చోటు ఇది. రెసిస్టెన్స్ ముందు వస్తుంది, దాన్ని పూడ్చడానికి ఇన్సులిన్ పెరుగుతుంది అనేది ఎక్కువమంది మాట. తల్లిదండ్రులిద్దరికీ డయాబెటిస్ ఉన్న పిల్లల్లో షుగర్ పూర్తిగా నార్మల్‌గా ఉన్న రోజుల్లోనే, జబ్బు రావడానికి పది, ఇరవై ఏళ్ల ముందే, ఇన్సులిన్ పనితీరు తక్కువగా ఉందని బోస్టన్‌లో చేసిన అధ్యయనాలు చూపాయి.

ఇంకో పక్షం దీన్ని తిరగేస్తుంది. మాటిమాటికీ తినడం వల్ల, తొందరగా అరిగే పిండిపదార్థాల వల్ల ముందు ఇన్సులిన్ పెరుగుతుందనీ, ఎప్పుడూ ఇన్సులిన్‌లో మునిగి ఉన్న కణాలు స్పందన తగ్గించుకుంటాయనీ వీరి వాదన. దీనికీ ఆధారాలున్నాయి. 2012లో ఎలుకల్లో ఇన్సులిన్ జన్యువులను తగ్గించి కొవ్వు ఎక్కువున్న తిండి పెడితే, అవి మామూలు ఎలుకల్లా లావెక్కలేదు. కానీ ఎలుకల జన్యువులతో తేలినదాన్ని మనుషుల మీదికి తెచ్చేటప్పుడు ఆచితూచి అడుగెయ్యాలి.

తిండి మీద జరిగే పెద్ద గొడవకు మూలం కూడా ఇదే. డేవిడ్ లుడ్విగ్ లాంటి పరిశోధకులు పిండిపదార్థాల వల్ల పెరిగే ఇన్సులినే కొవ్వును పోగేయిస్తుందంటారు. అమెరికన్ పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2021లో 20 మందిని పరిశోధనశాలలోనే ఉంచి పరీక్షించింది. రెండు వారాలు పిండిపదార్థాలు బాగా తక్కువున్న ఆహారం, మరో రెండు వారాలు కొవ్వు బాగా తక్కువున్న ఆహారం, కావలసినంత తినమన్నారు. కొవ్వు తక్కువ తిన్నప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా పెరిగింది, అయినా జనం రోజుకు దాదాపు 700 కిలోకాలరీలు తక్కువ తిన్నారు. ఇన్సులిన్ పెరిగితే ఆకలి పెరిగి ఎక్కువ తింటారన్న లెక్కకు ఇది ఎదురు. రెండు వారాలు ఏం సరిపోతాయి, శరీరం సర్దుకోవడానికి ఇంకా సమయం పడుతుంది కదా అన్నది అవతలివారి జవాబు. అదీ తీసిపారేయదగ్గది కాదు. పిండిపదార్థాలు తగ్గిస్తే భోజనం తర్వాతి షుగర్ తగ్గుతుందన్నదాంట్లో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు.

ఒంట్లో ఎక్కడెక్కడ కనిపిస్తుంది

1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికన్ వైద్యుడు బీపీ, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గడం, షుగర్ గాడి తప్పడం వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నా వీటి వెనుక ఉన్నది ఇన్సులిన్ రెసిస్టెన్సేనని ప్రతిపాదించాడు. అప్పుడు సిండ్రోమ్ ఎక్స్ అన్నారు, ఇప్పుడు మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నాం. ఈ గుంపును ఒక జబ్బు పేరుతో పిలవడం అవసరమా, ఒక్కో ముప్పును విడిగా చూసుకుంటే చాలదా అని డయాబెటిస్ సంఘాలే 2005లో ప్రశ్నించాయి. అవి కలిసి రావడం మాత్రం నిజం.

కాలేయంలో కొవ్వు చేరడం, అంటే ఫ్యాటీ లివర్, రెసిస్టెన్స్‌కు కారణమూ అవుతుంది, ఫలితమూ అవుతుంది. మద్యం ముట్టనివారిలోనూ ఇది రావడం ఇందుకే. 2023లో దీని వైద్య నామాన్నే మార్చి, జీవక్రియ లోపంతో ముడిపెట్టారు. రక్తనాళాలు వ్యాకోచించడానికి వాటి లోపలి పొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ కావాలి, దాని విడుదలకు ఇన్సులిన్ తోడ్పడుతుంది. రెసిస్టెన్స్‌లో ఆ పని కుంటుపడుతుంది. మరోపక్క మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచడం సాగుతూనే ఉంటుంది. బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరగడంలో ఈ రెంటికీ వాటా ఉంది.

అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే పీసీఓఎస్ అనే సమస్య దగ్గర కాస్త ఆగాలి. ఈ సమస్య ఉన్న ఆడవారికి ‘బరువు తగ్గండి’ అన్న మాట తప్ప వివరణ దొరకడం అరుదు. అండాశయాలు అదనపు ఇన్సులిన్‌కు స్పందించి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి. అదే సమయంలో, ఆ హార్మోన్లను రక్తంలో కట్టిపడేసే ఒక ప్రొటీను ఉత్పత్తిని కాలేయంలో ఇన్సులిన్ తగ్గించేస్తుంది. దాంతో స్వేచ్ఛగా తిరిగే పురుష హార్మోన్ ఇంకా పెరుగుతుంది. మొటిమలు, అవాంఛిత రోమాలు, నెలసరి తప్పడం అక్కడి నుంచి వచ్చేవే. పీసీఓఎస్ ఉన్నవారిలో సన్నగా ఉన్నవారికీ రెసిస్టెన్స్ ఉండొచ్చు. అయితే ఆ సమస్య ఉన్న ప్రతి ఒక్కరికీ రెసిస్టెన్స్ ఉంటుందని కాదు.

మెడ వెనక, చంకల్లో ముదురు రంగు పట్టీలా వచ్చేది అకాంతోసిస్ నైగ్రికాన్స్. వేలితో తడిమితే మఖమల్‌లా మందంగా, సన్నని గీతలతో తగులుతుంది. రక్తంలో ఇన్సులిన్ చాలా ఎక్కువైనప్పుడు అది చర్మ కణాల మీదున్న ఎదుగుదల గ్రాహకాలను కూడా తట్టి, చర్మం మందమయ్యేలా చేస్తుంది. పాపం, చాలామంది పిల్లలు దాన్ని మురికి అనుకుని తిట్లు తింటూ తోమి తోమి పుండు చేసుకుంటారు. ఎంత తోమినా పోదు, అది మురికి కాదు గనక. లోపలి ఇన్సులిన్ తగ్గితే క్రమంగా పలచబడుతుంది.

గర్భాశయ పొర, పెద్దపేగు క్యాన్సర్లతో దీనికి సంబంధం ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. కలిసి కనిపించడం వేరు, కారణం కావడం వేరు. అల్జీమర్స్‌ను ‘టైప్ 3 డయాబెటిస్’ అని కొందరు అంటుంటారు గానీ అది వైద్యశాస్త్రం గుర్తించిన పేరు కాదు. మత్తు, నీరసం, తీపి మీద మనసుపోవడం లాంటివాటికి వంద కారణాలుంటాయి. వాటిని బట్టి రెసిస్టెన్స్ ఉందని తేల్చడం కుదరదు.

ఇంత ముఖ్యమైతే టెస్టు ఎందుకు రాయరు

పక్కాగా కొలిచే పద్ధతి ఒకటుంది. దాన్ని క్లాంప్ అంటారు. రాల్ఫ్ డిఫ్రాంజో బృందం 1979లో దాన్ని సవివరంగా ప్రచురించింది. ఒక నరంలోకి ఇన్సులిన్‌ను స్థిరంగా ఎక్కిస్తూ, షుగర్ 90 దగ్గరే నిలిచేలా గ్లూకోజును కూడా ఎక్కిస్తారు. ఐదేసి నిమిషాలకోసారి రక్తం తీసి చూస్తూ గ్లూకోజు ధారను సరిచేస్తుంటారు. రెండు గంటల తర్వాత, షుగర్‌ను నిలబెట్టడానికి ఎంత గ్లూకోజు ఎక్కించాల్సి వస్తోందో చూస్తారు. ఎక్కువ పట్టిందంటే శరీరం ఇన్సులిన్ మాట బాగా వింటోందని. పరిశోధనకు బాగానే ఉంటుంది, క్లినిక్కులో అయ్యే పని కాదు.

అందుకే 1985లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు హోమా అనే సులువైన లెక్క ఇచ్చారు. పరగడుపు షుగర్‌ను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. మొదట చెప్పుకున్న ఇద్దరికీ వేస్తే, 94ను 5తో గుణించి భాగిస్తే 1.16. 94ను 18తో గుణించి భాగిస్తే 4.18. తేడా కొట్టొచ్చినట్టుంది.

చిక్కు మధ్యలో ఉన్నవారితోనే. ఒకరికి ఈ వారం షుగర్ 98, ఇన్సులిన్ 12. లెక్క 2.90. పై వారం అదే మనిషికి షుగర్ 92, ఇన్సులిన్ 8.5. లెక్క 1.93. ఒంట్లో పెద్దగా మారిందేమీ లేదు. ఇన్సులిన్ రక్తంలోకి అలలు అలలుగా వస్తుంది, నిమిషాల్లో విరిగిపోతుంది. పైగా ఒక ల్యాబ్ కొలతకూ మరో ల్యాబ్ కొలతకూ పొంతన ఉండదు. 2 దాటితే రెసిస్టెన్స్ అని ఒకరు, 2.5 అని ఒకరు, 3 అని మరొకరు పెట్టుకున్నారు. అందరూ ఒప్పుకున్న గీత లేదు. బీటా కణాలు అలసిపోయిన మనిషిలో ఇన్సులిన్ తక్కువగా వచ్చి లెక్క మోసం చేయనూ వచ్చు.

వద్దనే డాక్టర్ల వాదన ఇదే. నంబరు తెలిసినంత మాత్రాన వైద్యం మారదు, నడుము కొలత, బీపీ, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తే విషయం తెలిసిపోతుంది అంటారు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అని అమెరికన్ ప్రమాణం. కావాలనేవారి వాదన ఏమిటంటే, షుగర్ కదిలేదాకా ఆగితే విలువైన ఏళ్లు పోతాయి, ముందే తెలిస్తే మనిషి మేల్కొంటాడు. నాకు మొదటి వాదనే బలంగా కనిపిస్తుంది, ఒక షరతు మీద. ఆ మిగతా ఆధారాలను కలిపి చూసేవారు ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, నడుము హద్దు దాటింది, కాలేయంలో కొవ్వు. ఇవన్నీ ఉన్న మనిషికి ‘షుగర్ నార్మల్, వెళ్లండి’ అని చెప్పి పంపేస్తే, టెస్టు వద్దనడంలోని తర్కమే పోయింది.

భుజానికి అతికించుకునే గ్లూకోజు సెన్సర్లతో డయాబెటిస్ లేనివారు కూడా గ్రాఫులు చూసుకుంటున్నారు. అవి కొలిచేది గ్లూకోజును, ఇన్సులిన్‌ను కాదు. భోజనం తర్వాత గీత పైకి లేవడం మామూలు శరీర ధర్మం. ఆ గీతను చూసి రెసిస్టెన్స్ ఉందని నిర్ధారించలేం.

వెనక్కి మళ్లుతుందా

చాలావరకు మళ్లుతుంది. ఎంత త్వరగా అన్నది ఏ అవయవమన్నదాన్ని బట్టి ఉంటుంది. కండరం పనిచేసేటప్పుడు గ్లూట్‌4 ఇన్సులిన్ లేకుండానే పైపొరకు వస్తుంది. రెసిస్టెన్స్ ఉన్న కండరంలోనూ ఈ రెండో దారి తెరిచే ఉంటుంది. వ్యాయామం ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఆ కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత ఆ లాభం కరిగిపోతుంది.

కాలేయం కూడా త్వరగానే తేరుకుంటుంది. న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం 2011లో 11 మంది టైప్ 2 రోగులకు రోజుకు 600 కిలోకాలరీల ఆహారం మాత్రమే ఇచ్చింది. వారం తిరిగేసరికి కాలేయంలోని కొవ్వు 30 శాతం తగ్గి, పరగడుపు షుగర్ నార్మల్‌కు వచ్చేసింది. ఇది వైద్యుల కనుసన్నల్లో జరిగిన ప్రయోగం.

డయాబెటిస్‌కు ముందు దశలో ఉన్న 3,234 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారితో పోలిస్తే, సుమారు మూడేళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే మందు వాడినవారిలో 31 శాతం. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం గ్లూకోజు వదలడాన్ని తగ్గిస్తుంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి కొత్త ఇంజెక్షన్ల వల్ల కలిగే మేలులో పెద్ద వాటా బరువు తగ్గడానిదే.

డయాబెటిస్ వచ్చేశాక? బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ప్రయోగంలో, జబ్బు వచ్చి ఆరేళ్లు మించనివారికి కొన్ని నెలల పాటు రోజుకు సుమారు 850 కిలోకాలరీల ఆహారమిచ్చి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత 46 శాతం మంది మందుల్లేకుండా డయాబెటిస్ పరిధి నుంచి బయటపడ్డారు. రెండేళ్లకు 36 శాతం. బయటపడనివారిలో ఏం జరిగిందో తెలుసుకోవాలని, బరువు బాగా తగ్గినవారిని మళ్లీ పరీక్షించారు. కాలేయంలోని కొవ్వు ఇరువర్గాల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. తేడా బీటా కణాల్లో కనిపించింది. గ్లూకోజు అందగానే మొదటి నిమిషాల్లో చిమ్మాల్సిన ఇన్సులిన్, కోలుకున్నవారిలో తిరిగి వచ్చింది. మిగిలినవారిలో రాలేదు. వారికి సగటున జబ్బు వచ్చి కాస్త ఎక్కువ కాలమైంది.